నరసరావుపేటలో అద్దె వాటా

మల్రాజు వంశపు జమీందార్ల కాలంలో అట్లూరు గ్రామం దగ్గర రూపుదిద్దుకుని, జమీందారు నరసారావు పేరుతోనే స్థిరపడిన నరసరావుపేట, పత్తి, పొగాకు వ్యాపారాలున్నా, ప్రధానంగా మిల్లుల చుట్టూ పెరిగిన పట్టణం కాదు గనుక, అక్కడి అద్దె ఇంటి చరిత్రను కార్మికవాడల చరిత్రగా చదవలేము. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడటం, 1915లో పురపాలక సంఘం రావడం, గుంటూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్లే రైలుమార్గం మీద ఊరు ఉండటం కచేరీ గుమాస్తాలను, ప్లీడర్లను, ఉపాధ్యాయులను అక్కడికి రప్పించాయి; తొలి అద్దెదారులు ప్రధానంగా వీరే.

వీరికి దొరికింది పూర్తి ఇల్లు కాదు, వాటా. యజమాని తన కుటుంబానికి ఉంచుకోగా మిగిలిన ఒకటి రెండు గదులను, వంటకు పనికొచ్చే పంచతో కలిపి మరో కుటుంబానికి ఇచ్చే భాగమే వాటా. పల్నాటి నాపరాళ్లు పరిచిన నేల, సున్నం కొట్టిన గోడలు ఎవరి వాటాకు వారివే అయినా నుయ్యి, పెరడు ఉమ్మడివి. ఆ ఉమ్మడితనాన్ని సాకుగా చూపి ఇంటివారు కులం, తిండి ఆరా తీసేవారు. దళితులకు, ముస్లింలకు పట్టణం నడిబొడ్డున తలుపులు మూసింది ఈ ఆరాయే. నూతి స్థానంలో ఇంటింటి కుళాయి వచ్చాక కూడా ఆ ప్రశ్న పోలేదంటే, అసలు కారణం నుయ్యి కాదన్నమాట.

1950లో శ్రీ సుబ్బరాయ నారాయణ కళాశాల ప్రారంభం కావడం, 1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు విడుదల కావడం అద్దెదారుణ్ణే మార్చివేశాయి. మాగాణి, మిర్చి, పత్తి ఆదాయం చేతికొచ్చిన రైతు కుటుంబాలు పిల్లల చదువు కోసం ‘పేట’కు చేరి ప్రకాశ్‌నగర్, బరంపేట వంటి పేటల్లో అద్దెకు దిగాయి. ఊళ్లో సొంత ఇల్లు, పొలం ఉండగా, బియ్యం, కంది పప్పు అక్కడి నుంచే వస్తుండగా పట్టణంలో అద్దె కట్టే ఈ కుటుంబాన్ని ఇల్లు లేనివారిగా లెక్కించడం కుదరదు. అద్దె వారికి చదువు ఖర్చులో ఒక భాగం.

చట్టం మాత్రం ఇల్లు దొరకని మనిషినే దృష్టిలో పెట్టుకుని పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1941లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన అద్దె నియంత్రణ ఉత్తర్వులు ఆ తరువాత చట్టాలుగా మారి, 1960లో ఆంధ్రప్రదేశ్ భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టంగా స్థిరపడ్డాయి. అద్దె ఎంత ఉండాలో ఇరుపక్షాల్లో ఎవరు కోరినా నిర్ణయించే అధికారం రెంట్ కంట్రోలరుకు దక్కింది. అడ్వాన్సు ఒక నెల అద్దెకు మించరాదన్న నియమమూ వచ్చింది. అయితే 1957 ఆగస్టు 26 నాడు గానీ ఆ తరువాత గానీ కట్టిన భవనాలను అదే చట్టం మినహాయించడంతో, సాగర్ నీటి తరువాత లేచిన మేడలన్నీ దాని పరిధికి బయటే ఉండిపోయాయి. ఆ మినహాయింపును 1983లో సుప్రీంకోర్టు కొట్టివేయగా, ప్రభుత్వం కొత్త భవనాలకు పదేళ్ల మినహాయింపునిచ్చి యజమానులకు ఊరట కల్పించింది. ఏడాదికి మించిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కావడంతో పదకొండు నెలల ఒప్పందపత్రం వాడుకలోకి వచ్చింది. చాలామంది అద్దెదారులకు ఏళ్ల తరబడి దక్కిన రక్షణ ఆ స్టాంపు కాగితమే.

వాటా పోయి అపార్ట్‌మెంటు వచ్చాక యజమాని పక్కగదిలో ఉండటం తగ్గింది; 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట పల్నాడు జిల్లా కేంద్రం కావడంతో బదిలీ మీద వచ్చే ఉద్యోగులు ఈ ఫ్లాట్లకు కొత్త గిరాకీ తెచ్చారు. లిఫ్టు, నీటి మోటారు, వాచ్‌మన్ జీతం కలిపి నెలనెలా వసూలు చేసే మెయింటెనెన్స్ అనే ఖర్చు వాటా రోజుల్లో లేదు. దాన్ని యజమాని భరించాలా, అద్దెదారు భరించాలా అన్నది ఇల్లు చూసుకునే రోజునే, అద్దెతో పాటు, బేరమాడి తేల్చుకోవలసిన విషయమైంది.