షెఫీల్డు ప్రభువు, ఆయన యోడ

షీఫు, డాను అను నదులు రెండును గలియుచోట, అంతర్యుద్ధానంతరము పార్లమెంటు ఆనతిచే నేలమట్టమైన షెఫీల్డు కోటకు, నాలుగు శతాబ్దములకు పైగా వెనుక, జార్జి టాల్బటు అను నారవ ష్రూస్‌బరీ ప్రభువు అధిపతియై యుండెను. 1560లో తండ్రి పదవి సంక్రమించిన మరుసటి యేడే గార్టరు బిరుదమునంది, ఎలిజబెత్తు రాణి కొలువులో నగ్రగణ్యుడైన యీయనకు 'బార్కు టాల్బటు' అను నోడ యుండెనని విన్నపుడు, సముద్రమెరుగని కొండసీమ దొరకు ఓడ యేల యని సందేహము కలుగక మానదు.

ఆనాటి కొలువువారిలో బెక్కుమందికి సముద్రయానమనగా తాము గట్టుననే యుండి సొమ్మును నీటిపాలు చేయుట, అదృష్టము బాగుండెనా, నీటినుండి సొమ్ము పిండుట. ఈ ప్రభువునకు వర్తకబుద్ధి మొదటినుండియు మెండు. సీసము కరగించెను, ఇనుము తీయించెను, ఉక్కు చేయించెను. కత్తులు చేయువారికి 1565లో వెలసిన కట్టుబాట్లు, 1624 నాటి కట్లర్సు కంపెనీకి పూర్వరంగమైనవి, ఆయన యేలుబడిలోనివే.

ఇంతలో, 1569లో, బందీయైన స్కాట్లండు రాణి మేరీని కాపాడు భారమాయన నెత్తిన బడెను. మరుసటి యేటి నవంబరులో షెఫీల్డునకు దెచ్చిన యామెను, కోటలోను, ఊరిపై గుట్టనున్న మేనరు లాడ్జిలోను, దాదాపు పదునాలుగేండ్లు ఉంచవలసివచ్చెను. వారమునకు 52 పౌనుల భత్యము 1575లో 30కి దిగెను. బందీ పరివారము మాత్రము దొరసాని వైభవమునకు దగినదే గనుక, లోటంతయు ప్రభువు కొట్టునుండి పోవుచుండెను. బందీ కదలరాదు, సరే. కావలివాడును రాణి యనుజ్ఞ లేక లండనునకు గదలరాదు. ఎలిజబెత్తు అనుమానమొకవంక, రెండవ భార్య బెస్సు నిందలొకవంక: ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

1584లో ఆ భారము దీరెను. 1585 సెప్టెంబరులో ఆయన యోడ, ఫ్రాన్సిసు డ్రేకు నౌకాదళముతో ప్లిమతు విడిచి వెస్టిండీసునకు సాగెను. ఆ దళము సాంటో డొమింగోను, కార్తహేనాను కొల్లగొట్టి, మరుసటి యేట తిరుగుదారిలో రోనోకు ద్వీపమునందలి యాంగ్లవలసవారి నెక్కించుకొని యింటిదారి పట్టెను. 1588లో స్పెయిను మహానౌకాదళము కలే రేవు ముందర లంగరు వేసినపుడు, రాత్రివేళ నిప్పంటించి దానిపైకి వదలిన యెనిమిది యోడలలో బార్కు టాల్బటు ఒకటి. ప్రపంచపు టంచులు చూచివచ్చిన యోడ యట్లు బూడిదయ్యెను.

ప్రభువు 1590 నవంబరు 18న షెఫీల్డులోనే గతించెను. నేడు కెథీడ్రలైన యచటి చర్చిలో, బ్రతికియుండగనే తాను గట్టించుకొన్న సమాధిపై లాటిను శాసనమును ముందే చెక్కించి, మరణదినమునకు మాత్రము చోటు విడిచెను. వారసులు ఆ యొక్క పంక్తియు జెక్కింపరని తానే చెప్పెనందురు. ఆ చోటు నేటికిని ఖాళీగనే యున్నది.