మాధవాయపాలెం బట్ట

ఆంధ్రతీరానికి సుంకం అనే మాట కొత్తది కాదు. ఒక దేశం వేసిన పన్ను మరొక దేశపు నేతగాని కూటికి ఎట్లు అడ్డుపడుతుందో మన చరిత్రయే చెబుతున్నది.

1611లో 'గ్లోబు' అనే ఇంగ్లీషు ఓడ మచిలీపట్నం చేరినది. తర్వాత ఆ శతాబ్దిలోనే ఈస్టిండియా కంపెనీ నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో వర్తకస్థానం నెలకొల్పినది. మన సాలెల నేత, కలంకారీ అద్దకం సీమకు ఎగుమతి కాసాగినవి. మనం నివసించే ఈ చెన్నపట్నంలోని చింతాద్రిపేట సైతం 1730 తర్వాత కంపెనీవారు నేతగాండ్రకై వెలయించిన పేటయే.

మన బట్ట చవుక, రంగు గట్టిది. ఇంగ్లండులోని ఉన్ని, పట్టు నేతవారు గగ్గోలు పెట్టారు. 1700లో పార్లమెంటు మన అద్దకపు బట్టల వాడకాన్ని నిషేధించినది. వర్తకులు తెల్లబట్ట తెచ్చి అక్కడే అద్దించసాగారు. 1721లో దానినీ కట్టరాదన్నారు.

యంత్రాలు వచ్చిన పిమ్మట లాంకషైరు బట్టయే మన రేవులలో దిగినది. దాని చవుకకు యంత్రమే ముఖ్యకారణం. అయితే సుంకాలు కూడ దారి చేసినవి. 1882లో సీమబట్టపై దిగుమతి సుంకం ఎత్తివేశారు. ఖజానా అవసరానికై 1894లో మరల విధించారు. 1896లో దానిని మూడున్నర శాతం చేసి, మన దేశపు మిల్లుబట్టపై కూడ అంతే ఎక్సైజు సుంకం వేశారు. అది 1925 చివర గాని ఆగలేదు.

ఆపైన జపాను బట్ట వచ్చినది. స్వదేశపు వెలకంటె తక్కువకు పరదేశంలో సరుకు కుమ్మరించడాన్ని డంపింగు అంటారు. జపాను అదే చేస్తున్నదని మన మిల్లులవారు మొరపెట్టారు. జపాను నాణెం విలువ పడిపోవడం కూడ ఆ చవుకకు కారణమే. 1933లో బ్రిటిషేతర బట్టపై సుంకం 75 శాతానికి పెంచారు. జపాను మన పత్తి కొనడం మానివేసినది. మిల్లును కాపాడబోతే పత్తిరైతు మెడకు చుట్టుకొన్నది. 1934లో ఒడంబడిక కుదిరి సుంకం 50 శాతానికి దిగినది; జపాను కొనే పత్తిని బట్టి అది పంపగల బట్ట నిర్ణయమైనది.

1947 నాటి గాట్ ఒడంబడిక, 1995లో ఏర్పడిన ప్రపంచ వాణిజ్య సంస్థ దీనికి నియమాలు కట్టినవి. డంపింగుతో దేశీయ పరిశ్రమకు నష్టం కలిగినదని నిరూపించిన మీదటనే ప్రత్యేక సుంకం వేయవచ్చును. ఇది న్యాయమే. సుంకం ఒకరికి గొడుగు, మరొకరికి బరువు. నూలుపై పెంచితే నూలుమిల్లుకు లాభం, మగ్గంవానికి నష్టం గదా!

మాధవాయపాలెం పేరు ఇంగ్లీషువారి నోట 'మడపోలం' అయి, తుదకు ఇంగ్లండు మిల్లుల తెల్లబట్టకే పేరైనది. పేరు మనది, లాభం వారిది. ఈ ఉగాదికి పెడన, చీరాల, మంగళగిరి బట్ట కొనేవేళ మన పిల్లలకు ఈ సంగతి చెప్పితే చాలును.