పరిమిత అనుసంధానంలో జీహెచ్‌జెడ్ స్థితి: దోషసహన తయారీ

జీహెచ్‌జెడ్ స్థితి అనేది అనేక క్యూబిట్లు ఒకే ఎంటాంగిల్‌మెంట్‌లో పెనవేసుకుని ఉండే క్వాంటం స్థితి. కొలిచినప్పుడు క్యూబిట్లన్నీ 0 గానైనా వస్తాయి, అన్నీ 1 గానైనా వస్తాయి. కొలవక ముందు ఈ రెండూ సమాన పాళ్లలో, నిర్దిష్టమైన ఫేజ్ సంబంధంతో కలిసి ఉంటాయి. 1989లో దీన్ని ప్రతిపాదించిన డేనియల్ గ్రీన్‌బెర్గర్, మైకేల్ హార్న్, ఆంటన్ జైలింగర్‌ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దీని పేరయ్యాయి. ష్రోడింగర్ పిల్లిని తలచుకుంటూ దీన్ని 'పిల్లి స్థితి' అని కూడా అంటారు.

మొదట్లో ఇది క్వాంటం సిద్ధాంత పునాదులను పరీక్షించే సాధనం. 1996లో పీటర్ షోర్ దోషసహన గణనకు పద్ధతి చూపినప్పుడు దీనికి కొత్త పని దొరికింది: లెక్క నడుస్తున్న క్యూబిట్లలో తప్పు దొర్లిందో లేదో చూడటానికి వాడే సహాయక స్థితి ఇదే. తప్పును పట్టుకోవలసిన పనిముట్టే తప్పులను మోసుకొచ్చి అసలు క్యూబిట్లకు అంటిస్తే ప్రయోజనం లేదు. అందుకే ఈ స్థితిని తయారు చేయడమే కాదు, తయారైనది వాడదగ్గదేనని రూఢి చేసుకోవడం కూడా విధానంలో భాగం.

తయారీ, అనుసంధానం

ఒక క్యూబిట్‌పై 0, 1 లను సమాన పాళ్లలో కలిపే హాడమార్డ్ గేటు వేసి, అక్కడినుంచి సీనాట్ గేట్లతో (కంట్రోల్ క్యూబిట్ 1 అయితే టార్గెట్ క్యూబిట్‌ను తారుమారు చేసేవి) మిగతావాటిని ఒక్కొక్కటిగా కలుపుకుంటూ పోతే జీహెచ్‌జెడ్ వస్తుంది. క్యూబిట్ల సంఖ్య కన్నా ఒకటి తక్కువ సీనాట్లు చాలు. ఎన్ని అంచెల్లో పూర్తవుతుందనేది మాత్రం ఏ క్యూబిట్ దేనితో నేరుగా కలవగలదన్న దానిమీద ఆధారపడుతుంది. ఏ రెండింటినైనా కలపగలిగితే ప్రతి అంచెలో సంఖ్య రెట్టింపవుతుంది కాబట్టి 16 క్యూబిట్లకు 4 అంచెలు సరిపోతాయి. వరుసగా పేర్చిన క్యూబిట్లలో మధ్యనుంచి రెండు వైపులకూ విస్తరించినా 8 అంచెలు పడతాయి.

అయాన్ ట్రాప్ యంత్రాల్లో ఏ జంటనైనా కలపవచ్చు. సూపర్‌కండక్టింగ్ చిప్‌లలో సాధారణంగా పొరుగు క్యూబిట్లకే సంబంధం. గూగుల్ చిప్‌లు చతురస్ర అల్లికలో ఉంటాయి, ఒక్కో క్యూబిట్‌కు గరిష్ఠంగా నలుగురు పొరుగువారు. ఐబీఎం చాలాకాలం వాడిన హెవీ హెక్స్ అమరికలో ముగ్గురే. ఇది తేనెపట్టు గదుల అల్లిక: ప్రతి మూలలో ఒక క్యూబిట్, ప్రతి అంచు మధ్యలో మరొకటి. పొరుగువారు ఎక్కువైతే స్థిర పౌనఃపున్యంతో పనిచేసే క్యూబిట్ల పౌనఃపున్యాలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. ఆ బాధ తప్పించుకోవడానికే ఐబీఎం ఈ అమరికను ఎంచుకుంది. పొరుగున లేని వాటిని కలపాలంటే స్వాప్ గేటుతో ఒకదాన్ని జరుపుకుంటూ తీసుకురావాలి. ఒక్కో స్వాప్‌కు మూడు సీనాట్లు ఖర్చు. తప్పులు తగ్గించాలని చూస్తూ తప్పు చేసే గేట్లనే పెంచుకోవడమన్నమాట.

తప్పు ఎలా పాకుతుంది

సీనాట్ గేటు 0, 1 తారుమారయ్యే తప్పును కంట్రోల్ క్యూబిట్ నుంచి టార్గెట్‌కు పాకిస్తుంది. గొలుసులో నడుమ ఉన్న క్యూబిట్ తారుమారైతే, దాని తర్వాత చేరేవన్నీ తారుమారవుతాయి. అన్నీ తారుమారైతే నష్టం లేదు, స్థితి మళ్లీ అదే. సగం తారుమారైతేనే అన్నిటికన్నా చేటు. దోషసహనం అన్న మాటకు ఇక్కడ కచ్చితమైన అర్థం ఉంది: ఎక్కడైనా ఒక్క లోపం జరిగితే దాని ఫలితం ఒక్క క్యూబిట్‌కే పరిమితం కావాలి, లేదా ఆ ప్రయత్నం పరీక్షలో దొరికిపోవాలి.

ఫేజ్ తప్పుల సంగతి వేరు. ఈ స్థితిలో ఏ క్యూబిట్‌పై ఫేజ్ తప్పు జరిగినా ఫలితం ఒకటే, రెండు జరిగితే చెల్లుకు చెల్లు. పిల్లి స్థితిని సహాయకంగా వాడినప్పుడు ఇది పరీక్ష ఫలితాన్ని మాత్రమే పాడు చేస్తుంది. కొలతను మళ్లీ చేస్తే సరిపోతుంది. కనుక తయారీలో పహరా కాయవలసింది పాకే తారుమారు తప్పుల మీదే.

వలయం ఇచ్చే సౌకర్యం

గొలుసులో పాకే తప్పుకు ఒక లక్షణం ఉంది: అది మొదలైన చోటునుంచి గొలుసు కొస దాకా వెళ్తుంది. కాబట్టి రెండు కొసలూ సమానంగా ఉన్నాయా అని చూస్తే చాలు. రెండు కొసల నుంచి ఒక అదనపు క్యూబిట్‌కు చెరో సీనాట్ వేసి దాన్ని కొలుస్తారు. 0 వస్తే ఉంచుకుంటారు, 1 వస్తే పారేసి మళ్లీ మొదలుపెడతారు. ఒక్క లోపంతో ఎక్కువ క్యూబిట్లకు పాకే తప్పులన్నీ ఈ ఒక్క పరీక్షకే చిక్కుతాయి. నడుమ ఒక్క క్యూబిట్ మాత్రమే చెడితే చిక్కదు, కానీ దాన్ని నిర్వచనమే అనుమతిస్తోంది.

చిక్కల్లా సరళరేఖలో రెండు కొసలూ ఎడంగా ఉండటమే. వలయంలో ఆ ఇబ్బంది లేదు. హెవీ హెక్స్‌లో ఒక గదిని చుట్టి 12 క్యూబిట్లు ఉంటాయి. అందులో 11 గొలుసులో చేరితే, మిగిలిన పన్నెండోది రెండు కొసలకూ పొరుగే. నడిమి క్యూబిట్ నుంచి మొదలుపెడితే 6 అంచెల్లో 10 సీనాట్లు, పరీక్షకు మరో రెండు. వలయంలోని 12 బంధాలూ ఒక్కొక్కసారే వాడుకలోకి వస్తాయి, స్వాప్ ఒక్కటీ అక్కర్లేదు. అనుసంధానం తక్కువనగానే లోపంగా చూసేవారు ఈ లెక్క వేసి చూడాలి. వలయం ఉన్నచోట కొరత పెద్దగా బాధించదు.

హామీ ఒక్క లోపానికే అని మరవకూడదు. రెండు లోపాలు కలిస్తే కొసలను తాకకుండా నడుమ ఒక ముక్క మాత్రమే చెడిపోవచ్చు. గొలుసు పొడవయ్యే కొద్దీ మరిన్ని చోట్ల పరీక్షలు పెట్టక తప్పదు.

మరో దారి కొలతలది. పొరుగు జంటలు సమానమా కాదా అని సహాయక క్యూబిట్లతో ఒకేసారి కొలిచి, ఫలితాన్ని బట్టి దిద్దితే క్యూబిట్లు ఎన్ని ఉన్నా అంచెల సంఖ్య పెరగదు. అయితే ఒక్క కొలత తప్పు చెప్పినా దాని తర్వాతి క్యూబిట్లన్నీ తలకిందులవుతాయి, పైగా సూపర్‌కండక్టింగ్ చిప్‌లలో కొలత గేటు కన్నా నిదానం.

ప్రయోగాలు

స్థితి నాణ్యతను ఫిడెలిటీతో చెప్తారు, అది 0.5 దాటితే క్యూబిట్లన్నీ నిజంగా పెనవేసుకున్నట్టు లెక్క. 2011లో ఇన్స్‌బ్రుక్ బృందం 14 అయాన్లతో ఈ స్థితిని సాధించింది; అయాన్ల సంఖ్య వర్గానికి తగ్గట్టు అది త్వరగా చెదిరిపోతుందని కూడా అదే ప్రయోగం చూపింది. 2017లో ఐబీఎం పరిశోధకులు నాలుగు క్యూబిట్లలో రెండు లాజికల్ క్యూబిట్లను దాచే కోడ్‌తో దోషసహన తయారీని సూపర్‌కండక్టింగ్ చిప్ మీద ప్రదర్శించారు. ఆ కోడ్‌లోని లాజికల్ సున్నా స్థితి నాలుగు క్యూబిట్ల జీహెచ్‌జెడ్ స్థితే. 2024లో క్వాంటిన్యువమ్ 56 అయాన్ల యంత్రంపై 50 లాజికల్ క్యూబిట్లను 98 శాతం దాటిన ఫిడెలిటీతో పెనవేసింది. 2025లో ఐబీఎం 120 క్యూబిట్ల స్థితిని 0.56 ఫిడెలిటీతో ప్రకటించింది. పరీక్షల్లో నెగ్గిన ప్రయత్నాలు 28 శాతం.

ఈ చివరి అంకెను పతాక శీర్షికలు వదిలేస్తాయి. అసలు ధర అక్కడే ఉంది. క్యూబిట్లూ గేట్లూ పెరిగే కొద్దీ మిగిలే ప్రయత్నాల శాతం ఘాతాంక రీతిలో పడిపోతుంది కాబట్టి, ఏరి పారేసే పద్ధతి ఎల్లకాలం సాగదు. కొత్త రికార్డు గురించి చదివినప్పుడు క్యూబిట్ల సంఖ్యతో పాటు ఎన్ని ప్రయత్నాలు పారేశారో కూడా చూడాలి.

ఐబీఎం 2025 నవంబరులో ప్రకటించిన 120 క్యూబిట్ల నైట్‌హాక్ చిప్‌లో హెవీ హెక్స్‌ను విడిచి చతురస్ర అల్లికకు మారింది. అదే ఏడాది మేలో అమరావతి క్వాంటం వ్యాలీకి ప్రకటించిన యంత్రం 156 క్యూబిట్ల హెరాన్. దానిది హెవీ హెక్స్ అమరికే, పైన చెప్పిన 12 క్యూబిట్ల వలయం దానిలోనూ ఉంటుంది.