నిదుర పట్టనీయని కాళ్ళు

భద్రాచలము దాటి అడవివైపు పోయినకొలది పల్లెలలో రాత్రి త్వరగా సద్దుమణగును. పగలెల్ల నాట్లలో నడుము వంచిన ఇల్లాలికి మంచమెక్కినంతనే నిదుర పట్టవలెను. కాని కొందరికి సరిగా ఆ వేళకే పిక్కలలో ఏదియో ప్రాకినట్లు, లోపలినుండి గుంజినట్లు మొదలగును. కాళ్ళు కదపక ఉండలేరు. లేచి వాకిట నాలుగడుగులు వేసిన తగ్గును. పడుకొన్న తోడనే మరల వచ్చును. పిక్కలకు పాతగుడ్డ బిగించి కట్టుకొందురు. పిల్లలచేత కాళ్ళు త్రొక్కించుకొందురు. పని ఎక్కువైనదని ఒకరు, మనోవ్యాధియని మరియొకరు అందురు. ఈ బాధకు మూడున్నర శతాబ్దముల వైద్యచరిత్ర కలదు. అందులో మన ప్రాంతమునకు అక్కరకువచ్చు పాఠమొకటి ఉన్నది.

ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ 1672లో లాటిను భాషలో ప్రకటించిన గ్రంథమున దీనిని స్పష్టముగా వర్ణించినాడు. పడక చేరగనే కాలుసేతులలో కుదుపులు, అలజడి పుట్టి, చిత్రహింసకు గురియైనవానికి వలె రోగికి నిదుర అసాధ్యమగునని ఆయన పోలిక. ఒక గొప్పయింటి స్త్రీకి ఆయన సుమారు మూడు మాసములు నల్లమందుతో చేసిన ఔషధమిచ్చి, దానితోపాటు రక్తమును చక్కబరచు మందులును వాడించినాడు. రక్తమునుగూర్చి ఆ కాలపు భావనలు నేడు నిలువవు. అయినను ఆయన దృష్టి రక్తముమీదికి పోవుట గమనింపదగినది.

ఆ దృష్టి తరువాత నిలువలేదు. 1861లో జర్మను వైద్యుడు విట్‌మాక్ దీనికి 'కాళ్ళ ఆందోళన' అను అర్థమిచ్చు లాటిను పేరు పెట్టి, హిస్టీరియా లక్షణములలో చేర్చినాడు. ఆ ఒక్క మాటతో వ్యాధి కాళ్ళనుండి మనస్సునకు తరలినది. తమ బాధను భ్రమయనువారి యెదుట బాధితులు నోరు విప్పుదురా?

ఈ అపవాదును తొలగించినవాడు స్వీడను దేశపు నరముల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్. ఆయన అనేక రోగులను పరీక్షించి 1945లో వెలువరించిన గ్రంథమున, ఇది ప్రత్యేకమైన శరీరవ్యాధియని, అరుదైనదియు కాదని నిరూపించినాడు. గర్భిణులలోను, శరీరమున ఇనుము తగ్గినవారిలోను ఇది హెచ్చుగా కనబడుటను గుర్తించినాడు. 1953లో ఆ దేశమువాడే యగు నార్డ్‌లాండర్ రక్తనాళముద్వారా ఇనుమునెక్కించి పలువురికి ఉపశమనము కలిగించినాడు.

ఇనుమునకును కాళ్ళకును సంబంధమేమి? మెదడులో కదలికలను క్రమపరచు డోపమిన్ అను పదార్థము తయారగుటకు ఇనుము కావలెను. రక్తములో తిరుగు ఇనుము సాయంకాలమునుండి తగ్గుచు రాత్రికి కనిష్ఠమగును. బాధ రాత్రివేళనే పెచ్చుపెరుగుటకు ఇదియొక కారణము కావచ్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 1959లో ఖమ్మము జిల్లాలో కలిసి, 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనున్న ఈ అడవి అంచున రక్తహీనతకు కారణములు పెక్కు. చెప్పులులేని అరికాళ్ళగుండ కొంకిపురుగులు చొరబడి ప్రేగులనుండి రక్తము పీల్చును. మలేరియా రక్తకణములను నశింపజేయును. వెంటవెంట కాన్పులు తల్లిలోని ఇనుమును హరించును. సమీపమున బయ్యారము కొండలలో ఇనుపరాయి ఉన్నది. ఇంటి ఇల్లాలి నెత్తుటిలో ఇనుము చాలదు!

అయితే ఒక హెచ్చరిక. గిరిజన కుటుంబములలో సికిల్‌సెల్ అను వంశానుగతమైన రక్తవ్యాధియు కలదు. రక్తహీనతయెల్ల ఇనుము లోపమే కాదు. కావున ఇనుపమాత్రలు తమంతట వాడుకొనక ముందు రక్తపరీక్ష చేయించుకొనవలెను. శరీరములోని ఇనుము నిల్వను తెలుపు ఫెరిటిన్ పరీక్ష ముఖ్యము. సామాన్యమైన రక్తపరీక్షలో లోపము కానరాకున్నను ఈ నిల్వ తక్కువగా ఉండవచ్చును. పెద్దలలో అది మిల్లీలీటరునకు 75 నానోగ్రాములు గాని అంతకు తక్కువ గాని ఉన్నచో, ఈ వ్యాధికి ఇనుముతో చికిత్స ఆలోచింపవలెనని అమెరికా నిద్రావైద్య సంస్థ 2025లో సూచించినది.

1982లో టర్కీ వైద్యుడు అక్‌పినార్ వణుకుడు రోగమునకిచ్చు లీవోడోపా దీనికిని పనిచేయునని తెలిపినప్పుడు లోకము సంతోషించినది. కాని ఆ జాతి మందులను ఏండ్లతరబడి వాడిన పలువురిలో బాధ సాయంకాలమునకే మొదలై, చేతులకును ప్రాకినది. అందుచేత పై సంస్థ వానిని పరిపాటిగా వాడవద్దని చెప్పుచున్నది.

రాత్రికి రాత్రి చేయదగినవి కొన్ని కలవు. పడుకొనుటకు ముందు కొంతసేపు నడచుట, పిక్కలను సాగదీయుట, మర్దన, గోరువెచ్చని నీట కాళ్ళుంచుట హితము. సాయంకాలము తేనీరు, కాఫీ మానవలెను; భోజనముతో త్రాగు తేనీరు అన్నములోని ఇనుమును ఒంటబట్టనీయదు, నిమ్మరసము ఒంటబట్టించును. ఇప్పసారా నిదుర తెచ్చునను నమ్మకము కలదు. మద్యము ఈ బాధను పెంచును. జలుబునకు వాడు మత్తుమాత్రలలో కొన్నియు అట్లే చేయును.

మా మనవి ఒక్కటే. మీ యింట అర్ధరాత్రి ఎవరైన వాకిట పచారు చేయుచున్నచో విసుగుకొనక నాలుగు ప్రశ్నలు వేయుడు. కాళ్ళు కదపవలెనను ఆత్రము పుట్టుచున్నదా? విశ్రాంతిలో హెచ్చుచున్నదా? నడచిన తగ్గుచున్నదా? రాత్రివేళ అధికమా? నాలుగింటికి అవునన్నచో, ఆ మాటలనే వైద్యునితో చెప్పి ఇనుము నిల్వకు పరీక్ష కోరుడు.