బ్రిటన్ రహదారులపై వేగ నియంత్రణ కెమెరాలు: చారిత్రక పరిశీలన

సారాంశం

రహదారిపై కెమెరా ప్రాణాలు కాపాడే సాధనమా, ఖజానా నింపే యంత్రమా అన్న వివాదం కొత్తది కాదు. బ్రిటన్‌లో 1992 నుండి 2011 వరకు ఇది చట్టసభల్లోనూ పత్రికల్లోనూ గణాంక శాస్త్రజ్ఞుల మధ్యనూ సాగింది. కెమెరాల ప్రభావాన్ని ఎలా లెక్కించారు, ఆ లెక్క ఎందుకు వివాదాస్పదమైంది అన్న రెండు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ అనుభవం తెలుగు నగరాలకు ఏ మేరకు ఉపయోగపడుతుందో చివర చర్చిస్తుంది.

కీలక పదాలు: వేగ పరిమితి, కెమెరా, రహదారి భద్రత, జరిమానా, సగటు వైపు మరలడం, ఈ-చలాన్.

1. ఉపోద్ఘాతం

వేగాన్ని పట్టుకునే కెమెరా మూలాలు ఒక రేసు డ్రైవరు అవసరంలో ఉన్నాయి. 1953లో మాంటేకార్లో ర్యాలీ గెలిచిన డచ్ డ్రైవరు మౌస్ గాట్సోనైడ్స్, మలుపుల్లో తన కారు వేగాన్ని కొలుచుకోవడానికి ఒక పరికరాన్ని రూపొందించాడు. రోడ్డుకు అడ్డంగా పరచిన రెండు రబ్బరు గొట్టాలను చక్రాలు దాటే వ్యవధిని బట్టి అది వేగాన్ని లెక్కకట్టేది. 1958లో ఆయన సంస్థ స్థాపించాడు. తరువాత గొట్టాల స్థానాన్ని రాడార్ ఆక్రమించింది. వేగం పెంచుకోవడానికి పుట్టిన పరికరం వేగాన్ని అదుపు చేసేదిగా మారింది.

2. చట్టం, సాక్ష్యం

బ్రిటన్ 1930లో కార్లకు వేగ పరిమితిని ఎత్తివేసి, 1935లో జనావాస ప్రాంతాలకు గంటకు 30 మైళ్ల పరిమితిని తిరిగి విధించింది. 1966లో అక్కడి రోడ్లపై 7,985 మంది మరణించారు. పరిమితి ఉన్నా అమలు కష్టం. వేగం విషయంలో ఒకే సాక్షి అభిప్రాయాన్ని ఆధారం చేసుకొని శిక్ష వేయరాదన్నది అక్కడి చట్టం. 1991 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం ఆమోదిత పరికరం తీసిన ఛాయాచిత్రాన్ని సాక్ష్యంగా అంగీకరించడంతో ఈ చిక్కు వీడింది. 1992లో పశ్చిమ లండన్‌లోని ట్వికెన్‌హామ్ వంతెన వద్ద కెమెరా పనిచేయడం మొదలైంది. అయితే కెమెరా గుర్తించేది వాహనాన్నే గాని మనిషిని కాదు. నడిపినవారెవరో తెలిపే బాధ్యత యజమానిపై పడింది. పౌరుడికి, రాజ్యానికి మధ్య ఒక కొత్త సంబంధం ఇక్కడ మొదలైంది.

3. జరిమానా సొమ్ము ఎవరిది?

తొలి దశలో ఖర్చు పోలీసులది, స్థానిక సంస్థలది. జరిమానా మాత్రం ఖజానాకు చేరేది. ఫలితంగా చాలా పెట్టెలలో కెమెరాయే ఉండేది కాదు. 2000 ఏప్రిల్‌లో ఎనిమిది ప్రాంతాలలో కొత్త పద్ధతి మొదలైంది. జరిమానాల నుండి నిర్వహణ ఖర్చు మినహాయించుకొని మిగిలినది ఖజానాకు పంపేవారు. తరువాత ఇది దేశమంతా విస్తరించింది. అందుకు రెండు ప్రధాన షరతులు పెట్టారు: గతంలో తీవ్ర ప్రమాదాలు జరిగిన చోటనే కెమెరా పెట్టాలి, అది పసుపు రంగుతో దూరం నుండే కనిపించాలి. పొంచి ఉండి పట్టుకోవడం కన్నా ముందే హెచ్చరించి వేగం తగ్గించడమే లక్ష్యమని దీని అర్థం. అయినా కెమెరాల సంఖ్యతో పాటు ఆదాయమూ పెరగడంతో ప్రజల అనుమానం తొలగలేదు. 2007లో జరిమానాకు, నిర్వహణ ఖర్చుకు మధ్య ఉన్న ఈ ముడిని ప్రభుత్వం తెంచింది.

4. ప్రభావం: లెక్కలోని చిక్కు

2005 డిసెంబరులో వెలువడిన నాలుగేళ్ల మదింపు నివేదిక, కెమెరాలున్న చోట్ల మరణించిన, తీవ్రంగా గాయపడిన వారి సంఖ్య 42 శాతం తగ్గిందని ప్రకటించింది. అసలు చర్చ ఇక్కడే మొదలైంది. ఒక కూడలిలో ఏటా సగటున మూడు ప్రమాదాలు జరుగుతాయనుకుందాం. యాదృచ్ఛికంగా ఒక ఏడాది ఏడు జరిగితే, ఏమీ చేయకపోయినా మరుసటి ఏడాది ఆ సంఖ్య తగ్గే అవకాశమే ఎక్కువ. 19వ శతాబ్దంలో ఫ్రాన్సిస్ గాల్టన్ వారసత్వ లక్షణాల అధ్యయనంలో గుర్తించిన, సగటు వైపు మరలే ధోరణి ఇదే. ప్రమాదాలు ఎక్కువైన చోటనే కెమెరా పెట్టాలన్న షరతు న్యాయమైనదే; కాని ఆ షరతే ఫలితాన్ని ఉన్నదానికన్నా పెద్దదిగా చూపింది. తగ్గుదలలో పెద్ద భాగం దీని వల్లనే కావచ్చని ఆ నివేదిక అనుబంధమే సూచించింది.

అంతమాత్రాన ప్రభావం శూన్యమని కాదు. 2010 నాటి కాక్రేన్ సమీక్ష వివిధ దేశాలలోని 35 అధ్యయనాలను పరిశీలించింది. కెమెరాల పరిసరాలలో మొత్తం ప్రమాదాలు 8 నుండి 49 శాతం వరకు, ప్రాణాంతక, తీవ్ర ప్రమాదాలు 11 నుండి 44 శాతం వరకు తగ్గినట్లు గుర్తించింది. అధ్యయనాల నాణ్యతలో లోపాలున్నాయని చెబుతూనే, ఫలితాల దిశ ఒకటేనని నిర్ధారించింది. స్వీడన్ పరిశోధకుడు గోరాన్ నిల్సన్ ప్రతిపాదించిన సూత్రం ప్రకారం మరణాలు సగటు వేగపు నాలుగో ఘాతాన్ని అనుసరిస్తాయి. అంటే సగటు వేగం 5 శాతం తగ్గితే మరణాలు సుమారు 19 శాతం తగ్గాలి.

5. కెమెరాలు ఆగిన కాలం

2010 ఆగస్టులో నిధుల కోత కారణంగా ఆక్స్‌ఫర్డ్‌షైర్ తన స్థిర కెమెరాలను ఆపివేసింది. ఆ కాలంలో మరణాలు పెరిగాయని పోలీసులు ప్రకటించగా, 2011 ఏప్రిల్‌లో అవి తిరిగి పనిచేయసాగాయి. కెమెరాల సమర్థకులు దీనిని తిరుగులేని రుజువుగా చూపారు. కాని కొన్ని నెలల లెక్కతో తీర్పు చెప్పడం, ఒక చెడ్డ ఏడాదిని కొలమానంగా తీసుకోవడం వంటిదే. రెండు పక్షాలకూ ఒకే గణాంక న్యాయం వర్తిస్తుంది.

6. తెలుగు నగరాల సందర్భం

2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహన నిబంధనలలో చేరిన 167ఎ నిబంధన, పది లక్షలకు పైగా జనాభా గల నగరాల్లోని కీలక కూడళ్ల వద్ద ఎలక్ట్రానిక్ పర్యవేక్షణను, ముందస్తు హెచ్చరిక బోర్డులను, 15 రోజులలో నోటీసును నిర్దేశించింది. బ్రిటన్‌లో పసుపు రంగు చేసిన పనిని ఇక్కడ బోర్డు చేయాలి. మరోవైపు తెలంగాణలో పేరుకుపోయిన చలాన్లపై 2022 మార్చిలో ద్విచక్ర వాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ప్రకటించారు. తప్పుకు, శిక్షకు మధ్య కాలం పెరిగినకొద్దీ జరిమానా హెచ్చరికగా కాక బాకీగా మిగులుతుంది. రాయితీ వస్తుందని ఎదురుచూసే వాహనదారుడిపై కెమెరా ప్రభావం పరిమితమే.

7. ముగింపు

కెమెరా వేగాన్ని తగ్గిస్తుంది, ప్రాణాలనూ కాపాడుతుంది. కాని తొలి నివేదికలు ప్రకటించినంతగా కాదు. దాని బలం యంత్రంలో కన్నా దాన్ని ఎక్కడ పెట్టారు, ఎంత బహిరంగంగా పెట్టారు, సొమ్ము ఎటు వెళుతున్నది అన్న అంశాలలో ఉన్నది. మన నగరాల్లో కెమెరా పెట్టకముందు కనీసం ఐదేళ్ల ప్రమాదాల వివరాలను, కెమెరా లేని పోల్చదగిన కూడళ్ల వివరాలను ప్రచురించడం అవసరం. వసూలైన చలాన్ల మొత్తం భద్రతకు కొలమానం కాదు. చలాన్లు ఏటికేడు తగ్గుతూ, వాటితో పాటు మరణాలూ తగ్గినప్పుడే కెమెరా తన పని చేసినట్లు.