గంజాయి లీగల్ అయితే పైసలు ఎవరికి?

భద్రాచలం దిక్కు గంజాయి దొరికినప్పుడల్లా ఒకటే తీరు ఫొటో వస్తది. ముందట ప్యాకెట్లు పేర్చి ఉంటయి, ఎనుక ముసుగులేసిన ఇద్దరు ముగ్గురు పోరగాళ్లు. సరుకు పంపినోడు, దింపుకునేటోడు ఆ ఫొటోల కనవడరు. ఇప్పుడు ఫోన్లల్ల ఇంకో ముచ్చట నడుస్తున్నది: "కెనడాల లీగల్ జేసిన్రు, మన దగ్గర జేస్తే రైతు బతుకుతడు, సర్కారుకు ట్యాక్స్ వస్తది" అని. నిజమేనా?

ముందుగాల మన చట్టం ఏమంటదో చూద్దాం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం లెక్కన గంజాయి అంటే పూత, కాయ పట్టిన కొనలు. ఉత్త ఆకు, గింజ ఆ లెక్కల రావు, ఉత్తరాదిల భంగు అమ్ముడు నడిచేది అందుకే. కిలో దాంక దొరికితే ఏడాది వరకు జైలు, లేకుంటే పదివేల వరకు జరిమానా, రెండూ పడొచ్చు. 20 కిలోలు దాటితే పదేండ్లకు తక్కువ లేదు, ఇరవై ఏండ్ల దాంక పోవచ్చు. బెయిల్ దొరుకుడు కూడ కష్టమే. కూలి కోసం బ్యాగు మోసినోడికీ, దందా నడిపేటోడికీ శిక్ష లెక్క ఒకటే. పండించినా పదేండ్ల దాంక జైలే.

అయినా మన్యంల ఎందుకు పండిస్తరు? 2021 చివర్ల ఆంధ్ర పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతోని 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికిన్రు. 2022 ఫిబ్రవరిల అనకాపల్లి దగ్గర కోడూరుల 2 లక్షల కిలోలు కాలవెట్టిన్రు. ఐనా ఆంధ్ర–ఒడిశా సరిహద్దుల దందా ఆగలే. కాఫీ కాపుకు రావాలంటే మూడు నాలుగేండ్లు చూడాలె. పసుపు సంతకు మోసుకపోవాలె. గంజాయికైతే బయటి వ్యాపారి అడ్వాన్సు పట్టుకొని ఇంటికాడికే వస్తడు.

లీగల్ అయితే ఆ రేటు ఉంటదా అన్నదే నా అనుమానం. దొంగ సరుకు కాబట్టే దానికి అంత ధర. భయం పోతే ధర కూడ పోతది. థాయ్‌లాండ్‌ల గదే అయింది. 2022 జూన్ 9న గంజాయిని మత్తుమందుల లిస్టుల నుంచి తీసేసి, ఇండ్లకు 10 లక్షల మొక్కలు పంచుతమన్నది సర్కారు. వేల దుకాణాలు లేచినయి. అందరూ ఏసిన్రు, పైంగ బయటి నుంచి దొంగ సరుకు దిగింది, ధర కూలింది. పెట్టుబడి పెట్టిన చిన్న రైతులు మునిగిన్రు. 2025 జూన్‌ల మళ్ల డాక్టర్ చీటీ లేకుంట అమ్మొద్దని రూల్ పెట్టిన్రు. మన టమాటా కథ తెలిసినోళ్లకు ఇది కొత్తేం గాదు.

కెనడా కథ వేరు. 2018 అక్టోబర్ 17 నుంచి అక్కడ అమ్ముడు లీగల్. గంజాయి దగ్గరుంచుకున్నందుకు పోలీసు కేసుల పాలయ్యేటోళ్లు మస్తు తగ్గిన్రు. ఇది చిన్న లాభం గాదు. కానీ పెద్ద కంపెనీలు లైసెన్సులు తీసుకొని కట్టిన గ్రీన్‌హౌస్‌లు, సరుకు ఎక్కువై కొన్ని మూతపడ్డయి. గంజాయి కలిపిన మిఠాయిలు తెలవక తిని పసిపిల్లలు దవాఖానల పడుడు పెరిగింది. "ఆకే కదా, ఏం గాదు" అనేటోళ్లకు ఒక మాట: మెదడు ఇరవై ఐదేండ్ల దాంక ఎదుగుతనే ఉంటది, చిన్న వయసుల రోజూ తాగితే మతి చెడే ముప్పు పెరుగుతది.

ఉత్తరాఖండ్ 2018ల ఇంకో దారి పట్టింది. మత్తు పదార్థం 0.3 శాతం దాటని రకానికి, నార కోసం, లైసెన్స్ ఇచ్చింది. మంచిదే, కానీ దానికి నార ధరే వస్తది, గంజాయి ధర రాదు.

రేపు మన దగ్గర చట్టం మారినా నేను ముందు అడిగేది రెండే. లైసెన్స్ కొండ మీది రైతుకా, కంపెనీకా? జైల్ల ఉన్నోళ్ల సంగతేంది? కెనడాల 2019ల పాత కేసులకు ఫీజు లేకుంట క్షమాపణ అడుక్కోనిచ్చిన్రు. అది కూడ సొంతానికి దగ్గరుంచుకున్నోళ్లకే, మోసినోళ్లకు, అమ్మినోళ్లకు గాదు. భద్రాచలం ఫొటోల ముసుగేసుకొని నిలవడ్డోళ్ల మీదుండేది మోసిన కేసే.