తల్లిదండ్రుల తృప్తిని కొలవగలమా?

జ్వరాన్ని థర్మామీటరుతో కొలుస్తాం. రక్తపోటుకు ఒక పరికరం ఉంది. రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెప్పడానికి వేలికి తగిలించే మరో పరికరం ఉంది. ప్రాణాపాయంలో ఉన్న బిడ్డను ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌లో, అంటే ఐ.సి.యు.లో చేర్చగానే ఇలాంటివన్నీ మంచం చుట్టూ చేరతాయి. తలుపు బయట బెంచీ మీద కూర్చున్న తల్లిదండ్రుల మనసులో ఏముందో కొలిచే పరికరం మాత్రం ఏదీ కనిపించదు. మరి వారికి అందిన సేవ బాగుందో లేదో తెలుసుకోవడం ఎలా?

“అడిగితే సరి” అంటారు మీరు. నిజమే. కానీ ఆ అడగడం నేర్చుకోవడానికి వైద్యశాస్త్రానికి సగం శతాబ్దానికి పైగా పట్టింది. ఆ కథ ఆస్పత్రులు తల్లిదండ్రులను లోపలికి రానివ్వని రోజులతో మొదలవుతుంది.

ఆదివారం రెండు గంటలు

1949లో లండన్ ఆస్పత్రుల సందర్శన వేళలు ఎలా ఉండేవో ఒక సర్వే బయటపెట్టింది. గైస్ ఆస్పత్రిలో పిల్లలను చూడటానికి ఆదివారం మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల వరకే అనుమతి. సెయింట్ థామస్ ఆస్పత్రిలో మొదటి నెలంతా సందర్శన లేదు. రాత్రి 7, 8 గంటల మధ్య నిద్రపోతున్న బిడ్డను చూసి వెళ్ళవచ్చు, అంతే. ఈ నియమాలు పెట్టినవారు కఠినాత్ములేమీ కారు. తల్లిదండ్రులు అంటురోగాలను మోసుకొస్తారని వారి భయం. అంతకన్నా బలమైన కారణం మరొకటి ఉంది. తల్లి వచ్చి వెళ్ళాక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. తల్లి రాకపోతే రెండు మూడు రోజులకు ఏడుపు మాని “కుదురుకుంటుంది”. కాబట్టి తల్లి రాకపోవడమే బిడ్డకు మంచిదని వారు నమ్మారు.

ఈ “కుదురుకోవడం” అసలు ఏమిటని ప్రశ్నించిన వ్యక్తి జేమ్స్ రాబర్ట్‌సన్. ఆయన 1948లో లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్‌లో, మనస్తత్వ వైద్యుడు జాన్ బౌల్బీ దగ్గర పరిశోధకుడిగా చేరారు. ఆస్పత్రి వార్డుల్లో పసిపిల్లలను ఓపికగా గమనించారు. బిడ్డ ముందు ఏడ్చి ప్రతిఘటిస్తుంది, తర్వాత నిరాశలోకి జారుతుంది, చివరికి అమ్మ పట్ల పట్టనట్టు ఉండిపోతుంది. నర్సులకు తృప్తిగా కనిపించిన నిశ్శబ్దం నిజానికి ఆశ వదులుకున్న నిశ్శబ్దమని ఆయన గ్రహించారు.

గడియారం ఉన్న సినిమా

మాటలతో చెబితే ఎవరూ నమ్మలేదు. అందుకని రాబర్ట్‌సన్ చేతి కెమెరా పట్టుకున్నారు. చిన్న ఆపరేషన్ కోసం ఎనిమిది రోజులు ఆస్పత్రిలో ఉన్న రెండున్నరేళ్ళ పాపను చిత్రీకరించారు. ఏడ్చిన క్షణాలే ఏరుకున్నాడని ఎవరైనా అంటారేమో! అందుకే ఏ వేళ చిత్రించాలో ముందుగానే యాదృచ్ఛికంగా నిర్ణయించుకున్నారు. వార్డు గడియారం కూడా బొమ్మలో కనబడేలా చూసుకున్నారు. 1952 నవంబరులో లండన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో ఈ చిత్రాన్ని ప్రదర్శించినప్పుడు పలువురు వైద్యులు మండిపడ్డారు. అయినా గడియారం అబద్ధం చెప్పదు కదా!

క్రమంగా అభిప్రాయం మారింది. సర్ హ్యారీ ప్లాట్ అధ్యక్షతన బ్రిటిష్ ప్రభుత్వం వేసిన సంఘం 1959లో నివేదిక ఇచ్చింది. తల్లిదండ్రులకు వేళల ఆంక్షలు ఉండకూడదనీ, అయిదేళ్ళ లోపు పిల్లలతో తల్లి ఆస్పత్రిలోనే ఉండే వీలు కల్పించాలనీ అది సిఫారసు చేసింది.

యంత్రాల గదిలో

సాధారణ వార్డుల తలుపులు తెరుచుకుంటున్న కాలంలోనే కొత్త తలుపు ఒకటి మూసుకుంది. 1952లో కోపెన్‌హేగన్ నగరాన్ని పోలియో ముట్టడించింది. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు ఊపిరాడని పన్నెండేళ్ళ బాలికకు గొంతులో గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ శ్వాస అందించి బతికించారు. ఆ తర్వాత సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రోగుల పక్కన కూర్చుని సంచులు నొక్కారు. ఐ.సి.యు. ఆలోచన అక్కడ పుట్టింది. 1955లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో పిల్లలకే ప్రత్యేకించిన విభాగం వెలిసింది.

పిల్లలు బతకసాగారు. కానీ గొట్టాలు, తీగల నడుమ తల్లిదండ్రులకు చోటు మిగల్లేదు. వారికి ఏం కావాలో కూడా వైద్యులు, నర్సులే ఊహించుకునేవారు. 1979లో అమెరికన్ నర్సు నాన్సీ మోల్టర్ ఆ ఊహను పక్కనపెట్టి, ఐ.సి.యు. రోగుల బంధువులు 40 మందికి 45 అవసరాల జాబితా ఇచ్చి, ఏది ఎంత ముఖ్యమో చెప్పమన్నారు. అన్నిటికన్నా పైన నిలిచింది “ఆశ ఉందనిపించడం”. 1980లలో మార్గరెట్ మైల్స్, మెల్బా కార్టర్ అనే పరిశోధకులు పిల్లల ఐ.సి.యు.లో తల్లిదండ్రుల ఒత్తిడిని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. కీచుమనే యంత్రాల కంటే, తన బిడ్డకు తాను ఏమీ చేయలేకపోవడం తల్లిని ఎక్కువగా కుంగదీయగలదని ఇలాంటి అధ్యయనాల వల్ల తెలిసింది.

ప్రశ్నలు ఎవరివి?

మనసును అంకెల్లోకి మార్చే పద్ధతి అప్పటికే ఉంది. 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దాన్ని ప్రవేశపెట్టారు. ఒక వాక్యం ఇచ్చి, “పూర్తిగా ఒప్పుకుంటాను” నుంచి “అసలు ఒప్పుకోను” వరకు ఉన్న మెట్లలో ఒకదాన్ని ఎంచుకోమనడమే ఆ పద్ధతి. 1966లో మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అవేడిస్ డొనాబేడియన్ వైద్యసేవ నాణ్యతను మూడు వైపుల నుంచి చూడాలన్నారు. అవి వసతులు, సేవ జరిగిన తీరు, ఫలితం. తల్లిదండ్రులు కళ్ళారా చూసేది రెండోదాన్ని. రాత్రి రెండు గంటలకు నర్సు ఎలా మాట్లాడిందో ఏ కేస్ షీటులోనూ ఉండదు కదా.

ఈ దారిలో పెద్ద ముందడుగు నెదర్లాండ్స్‌లో పడింది. జోస్ లాటూర్ బృందం తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేసింది. ఏయే అంశాలు ముఖ్యమో వైద్యులను, నర్సులను అడిగింది, తల్లిదండ్రులనూ అడిగింది. రెండు పక్షాల జవాబులు అన్నిచోట్లా కలవలేదు. కొన్ని అంశాలకు సిబ్బంది ఇచ్చిన విలువ కన్నా తల్లిదండ్రులు ఎక్కువ విలువ ఇచ్చారు. ఈ కృషి ఫలితంగా ఎనిమిది పిల్లల ఐ.సి.యు.లలో పరీక్షించిన 65 వాక్యాల ప్రశ్నావళి 2011లో వెలువడింది. దాని పేరు ఎంపథిక్. అందులో అయిదు భాగాలు: సమాచారం, చికిత్స-సంరక్షణ, నిర్వహణ, తల్లిదండ్రుల భాగస్వామ్యం, సిబ్బంది ప్రవర్తన. ప్రతి వాక్యానికీ 1 నుంచి 6 వరకు మార్కులు. తర్వాత దాన్ని 30 వాక్యాలకు కుదించారు. స్పెయిన్, ఇటలీ వంటి దేశాల భాషల్లోకి అది వెళ్ళింది.

సగటు దాచేది

కొలబద్ద దొరికింది కాబట్టి కథ ముగిసిందా? ఒక చిన్న లెక్క చేయండి. ఒక వార్డులో 20 మందిని అడిగాం అనుకుందాం. పదిమంది 6 మార్కులు, పదిమంది 5 మార్కులు ఇచ్చారు. సగటు 5.5. మరో వార్డులో 18 మంది 6 ఇచ్చారు, ఇద్దరు 1 ఇచ్చారు. సగటు మళ్ళీ 5.5! మొదటి వార్డులో అందరూ దాదాపు సంతోషంగా ఉన్నారు. రెండో వార్డులో ఇద్దరికి ఏదో ఘోరం జరిగింది. మనం నేర్చుకోవలసింది ఆ ఇద్దరి దగ్గరే. సగటు వారినే దాచేసింది.

ఇంకా చిక్కులున్నాయి. బిడ్డ బతికి ఇంటికొచ్చిన ఆనందంలో చాలామంది అన్నిటికీ 6 ఇచ్చేస్తారు. బిడ్డను పోగొట్టుకున్నవారిని చాలా సర్వేలు అడగనే అడగవు. వారిని అడగడం కష్టమే. అయితే అడగకపోతే వారి అనుభవం లెక్కలోకి రాదు. ఇక బిడ్డ ఇంకా మంచం మీద ఉండగా, వైద్యం చేస్తున్నవారి ఎదుటే అడిగితే ఏ తల్లి ధైర్యంగా చెబుతుంది? “బాగానే చూస్తున్నారండీ” అంటుంది. రాబర్ట్‌సన్ కెమెరాలోని పాప మౌనం లాంటిదే ఆ జవాబు కూడా.

మన దగ్గర

మన దేశంలో కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో “మేరా అస్పతాల్” పేరుతో ఫోను, సంక్షిప్త సందేశాల ద్వారా రోగుల అభిప్రాయాలు సేకరించే ఏర్పాటు చేసింది. జబ్బుపడిన నవజాత శిశువుల ప్రత్యేక విభాగాల్లోకి తల్లిదండ్రులను రానిచ్చి, చేతులు శుభ్రం చేసుకోవడం, పాలు పట్టడం, బిడ్డను గుండెలకు హత్తుకోవడం వంటివి నేర్పి, వారిని సంరక్షణలో భాగస్వాములను చేసే మార్గదర్శకాలను 2017లో విడుదల చేసింది.

ఇక ప్రశ్నావళి సంగతి. డచ్చి వాక్యాలను తెలుగులో దించేస్తే చాలదు. తెలుగు చేసినదాన్ని మూలం చూడని మరొకరి చేత తిరిగి మూలభాషలోకి రాయించి, అర్థం నిలిచిందో లేదో సరిచూడాలి. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో వివరించిన పద్ధతి ఇది. అదీ చాలదు. మన ఇళ్ళలో బిడ్డ వెంట అమ్మమ్మో, నానమ్మో వస్తుంది. “తల్లిదండ్రులు” అన్న గడిలో ఆమె ఎక్కడ? చదవడం రానివారికి వాక్యాలను ఎవరు చదివి వినిపించాలి? వినిపించేది ఆ వార్డు నర్సే అయితే నిజం బయటికి వస్తుందా? “మీకు తృప్తిగా ఉందా?” అని అడిగితే మర్యాద కొద్దీ అవునంటారు. “మందు ఎందుకిస్తున్నారో మీకు చెప్పారా? సూది వేసేటప్పుడు మిమ్మల్ని పక్కన ఉండనిచ్చారా?” అని అడిగితే జరిగింది చెబుతారు.

మంచి కొలమానం ఎప్పుడూ మంచి ప్రశ్నతోనే మొదలవుతుంది. రేపు మీలో కొందరు డాక్టర్లు, నర్సులు, గణాంక నిపుణులు అవుతారు. ఫిర్యాదులు రాలేదు కాబట్టి అంతా బాగుందని మీ ముందుకు నివేదిక వస్తే, ముందు ఒక్క మాట అడగండి: బయట బెంచీ మీద ఉన్నవారిని ఎవరైనా అడిగారా?